చంద్రి ఊగుడు లెక్క: పది వారాల నోట్సు

చంద్రి బరాత్‌లు తిరిగి తిరిగి మా దగ్గరికొచ్చిన మార్వాడీ ఆడగుర్రం. ధర్మసాగర్ దగ్గర మా పొలంలో ఉంటుంది. నేను హన్మకొండ నుంచి పొద్దున, సాయంత్రం పోయి చూసుకుంటా. వారానికి మూడు రోజులు చెరువు కట్ట వైపు సవారీ.

ఫిబ్రవరి, మొదటి వారం
దాణా వేళకు ముందుకాళ్ళ మీద బరువు మారుస్తూ మెడ అటూ ఇటూ ఊపుతుంది. ఇన్నాళ్ళూ హుషారనుకున్నా, కాదు, ఒంటరిగా కొట్టంలో మూసి ఉంచిన గుర్రానికి పట్టే అలవాటు. పదిహేను నిమిషాలు వీడియో తీసి లెక్కపెడితే 212 ఊపులు. తొట్టి అంచు పళ్ళతో పట్టి గాలి మింగే అలవాటు లేదు, అదొక్కటి నయం.

ఛాతీ చుట్టు 155 సెంటీమీటర్లు, భుజం ముందు ఎముక నుంచి పిరుదు ఎముక దాకా 150. చుట్టుకొలతను రెండుసార్లు వేసి గుణించి, పొడవుతో గుణించి, 11,880తో భాగించాలి. 303 కిలోలు వచ్చింది. బరువుకేం ఢోకా లేదు. కానీ ఏ పొద్దునా ఒంటికి గడ్డిపోచ అంటిన గుర్తు లేదు. గుర్రం నిలబడి కునుకు తీస్తుంది గానీ గాఢనిద్రకు పడుకోవాల్సిందే. ఇది పడుకోవట్లేదు.

కొట్టం 8×10 అడుగులు, మూడు దిక్కులా గోడ, పైన రేకులు. ఫ్యాను పెట్టించా, గోడలకు రంగు వేయించా. రంగు నాకే కనబడుతుంది, దానికి కనబడేది గోడే.

రెండు, మూడు వారాలు
ముందు మేత సంగతి. ఇన్నాళ్ళూ పూటకు కిలోన్నర ఉలవలు, బార్లీ కలిపి రెండు పూటలు, పైన కాస్త గడ్డి. రెండు గంటల్లో అంతా ఖతం. గుర్రం కడుపులో ఆమ్లం మేత ఉన్నా లేకున్నా ఊరుతూనే ఉంటుంది. దాన్ని తగ్గించే లాలాజలం నమిలినప్పుడే వస్తుంది. బయట వదిలితే రోజులో సగానికి పైగా మేస్తూనే ఉండే జంతువు ఇది. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అని బాపు అంటూనే ఉన్నాడు గానీ, పది రోజుల్లో మెల్లగా దాణా కిలోకు దించా. ఎండుగడ్డి ఆరు కిలోలకు పెంచా, బరువులో రెండు శాతం లెక్కన. నాలుగు విడతలుగా, 4 సెంటీమీటర్ల కన్నుల వలలో పెడుతున్నా.

వల మొదట కిందికి కట్టా. లాడం ఇరుక్కుంది. కొడవలితో కోసి విడిపించేసరికి నా చేతులు వణికాయి. ఇప్పుడు దాని కంటి ఎత్తులో కడుతున్నా.

వరిగడ్డి పక్కకే. ఎక్కువ తింటే పేగుల్లో గట్టిపడుతుంది. ఎండుగడ్డి అందుబాటులో ఉంటే దాని జోలికి పోవట్లేదు. పక్క పొలం ఆయన లేత జొన్న కోసుకొమ్మన్నాడు, వద్దన్నా. అది విషం.

మూడో వారం లెక్క 140.

నాలుగో వారం
తూర్పు గోడ సగం కూల్చా. అక్కడ రోడ్డు, అవతల బర్రెల కొట్టం. మొదటి మూడు రోజులు ప్రతి ట్రాక్టరుకూ ఉలిక్కిపడి లెక్క 160కి ఎగబాకింది. తర్వాత 110.

ఐదు, ఆరు, ఏడు
"మనిషికే తోడు దొరుకుత లేదు, గుర్రానికి తోడు చూస్తున్నవా?" బాపు.

మేకతో మొదలుపెట్టా. రెండో రోజే దాణా తొట్టిలోకి దూకి తిని పొట్ట ఉబ్బించుకుంది. డాక్టరు ఖర్చు అదనం. తర్వాత తెలిసినాయన దగ్గర ముసలి టట్టువ (పొట్టి గుర్రం) దొరికింది. ఆరు రోజులు కంచెకు అటూ ఇటూ ఉంచి ముట్టెలు కలపనిచ్చా. తర్వాతే పావెకరం మడిలో వదిలా. దాణాలు బాగా దూరంగా పెట్టినా చంద్రి పిరుదు మీద ఒక కాటు పడింది. వారం తిరిగేసరికి ఒకదాని మెడ మొదట్లో ఒకటి పళ్ళతో గోక్కుంటున్నాయి. లెక్క 38.

ఎనిమిదో వారం ఒక పొద్దున చంద్రి ఎడమ పక్కంతా మట్టి, గడ్డి. ఫొటో తీసుకున్నా!

ఏప్రిల్, తొమ్మిది, పది
ఎండలు ముదిరాయి. రేకుల కింద మధ్యాహ్నం ఊపిరి నిమిషానికి 26. నిదానంగా ఉన్నప్పుడు 8 నుంచి 16 ఉండాలి. రేకులపై వరిగడ్డి మందంగా కప్పితే 18కి వచ్చింది. పగలు కొట్టం, రాత్రి ఏడు నుంచి పొద్దున ఆరు దాకా మడి. నల్ల ప్లాస్టిక్ డ్రమ్ము నీళ్ళు వేడెక్కితే తాగట్లేదు. వేపచెట్టు కింద సిమెంటు తొట్టి పెట్టాక రోజుకు నలభై లీటర్లు దాటుతోంది. కుట్టే ఈగలు సర్రా (రక్తంలో చేరే పరాన్నజీవి జబ్బు) మోసుకొస్తాయి, అందుకే లద్దె రోజూ తీసి దూరంగా వేస్తున్నా.

నిన్న టట్టువను గిట్టలు కోయించడానికి తీసుకెళ్ళి మూడు గంటలు చంద్రిని ఒంటరిగా వదిలా. వచ్చి లెక్కపెడితే 96. పాత కథే. మూడో జంతువు ఒకటి ఉంటే బాగుండు. బర్రె దూడ అడిగి పెట్టా. బాపుకు ఇంకా చెప్పలేదు.