ఊరి శాసనం దగ్గరికి సుద్దముక్కతో పోవద్దు

మా తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో చెరువు కట్ట మీదో, గంగమ్మ గుడి వెనకో, మామిడి తోపు గట్టునో ఒక రాయి నిలబడి ఉంటుంది. దాని మీద కత్తి పట్టుకున్న మనిషి, పైన నాలుగైదు వరుసల రాత. ఊరివాళ్లు పసుపు కుంకుమ పెడతారు. దాన్ని చూడ్డానికి వచ్చిన చరిత్ర ప్రియులు అక్షరాలు కనపడాలని సుద్దముక్క తీసి దిద్దుతారు. ప్రేమతో చేసే పనే గానీ శాసనానికి ఇంతకన్నా చెరుపు లేదు. దిద్దినాయన ‘వ’ అనుకుంటే, ఆ తర్వాత ఫొటో తీసిన ప్రతివాళ్లకూ అది ‘వ’గానే కనిపిస్తుంది. అది ‘మ’ అని చెప్పగలిగిన చిన్న గీత సుద్ద కింద దాగిపోతుంది. కొందరు బియ్యప్పిండి చల్లుతారు. పిండికి చీమలు పడతాయి, వానకు బూజు పడుతుంది. ఎనామిల్ రంగు వేస్తే ఇక చెప్పే పనే లేదు, దాన్ని తీయబోతే రాతి పైపొర కూడా ఊడొస్తుంది.

ఊరి చరిత్ర బృందాలు, కాలేజీ ఎన్.ఎస్.ఎస్. పిల్లలు సెలవుల్లో ఈ రాళ్లను నమోదు చేయాలని ముందుకు వస్తున్నారు. మంచి మాట. ఒక రాయికి ఐదుగురు చాలు. ఒకరు ఫొటోకు, ఒకరు టార్చికి, ఒకరు టేపుకు, ఒకరు నోటు పుస్తకానికి. ఐదో మనిషి రచ్చబండ దగ్గర పెద్దవాళ్లతో కూర్చోవాలి. ఆ పని తేలికనుకుని చిన్నపిల్లల మీద వదలొద్దు. రాయి ముందు నుంచీ ఇక్కడే ఉందా, చెరువు పూడిక తీసినప్పుడు తెచ్చి పెట్టారా, ఆ పొలాన్ని పాతకాలంలో ఏమని పిలిచేవారు అన్నవి రాతి మీద ఉండవు. ఏర్పేడు దగ్గరి గుడిమల్లాన్నే చూడండి. అక్కడి పాత శాసనాల్లో ఊరి పేరు తిరువిప్పిరంబేడు. ‘గుడిమల్లం’ అనే పేరు వాటిలో కనపడదు. ఊరి పేర్లు అంతగా మారిపోతాయి కాబట్టే పొలం పేరు, కుంట పేరు, మిట్ట పేరు ఒక్కటి కూడా వదలకుండా రాసుకోవాలి.

పోయే ముందు అనుమతి. చంద్రగిరి కోట, గుడిమల్లం లాంటివి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అక్కడ అచ్చు తీయడానికి రాతి మీద తడి కాగితం వేయాలంటే ఆ శాఖ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఊరి గుడి అయితే పూజారినీ పెద్దలనూ, పొలమైతే రైతునూ అడగాలి. జాతర వారంలో పోవద్దు, రాయి అలంకారంలో ఉంటుంది.

శుభ్రం చేయడంలోనే చేతులు తొందరపడతాయి. మెత్తటి కుంచె, నీళ్లు, వెదురు పుల్ల, ఈ మూడే వాడాలి. ఇనుప బ్రష్షు, ఉలి, సబ్బు పొడి సంచిలో కూడా ఉండకూడదు. సున్నం పొరలు అక్షరాల్లో నిండిపోయి ఉంటే నీళ్లు చల్లి, అరగంట నాననిచ్చి, వెదురు పుల్లతో మెల్లగా తీయాలి. రానిదాన్ని వదిలేయాలి. ఆసిడ్ పోస్తే సున్నం బుసబుసమని పొంగి పోతుంది, నిజమే. కానీ నల్లరాతిలోని ఇనుము కరిగి తుప్పు రంగు మరకలు దిగుతాయి, అవి మళ్లీ పోవు. రాతిని పట్టుకున్న బూడిదరంగు పాచిని గీకొద్దు. దాని వేళ్లలాంటి పోగులు రాతి రేణువుల మధ్యకు దిగి ఉంటాయి, గీకితే అక్షరం అంచు కూడా పొడిగా రాలుతుంది.

ఇక వెలుతురు. నెత్తిన ఎండ ఉన్నప్పుడు తీసిన ఫొటోలో రాత చదును అయిపోతుంది. పొద్దున ఏడు, ఎనిమిది మధ్యలోనో, సాయంత్రం నాలుగున్నర తర్వాతో ఎండ రాతి ముఖం మీద ఏటవాలుగా పడితే గాడిలో నీడ నిలుస్తుంది, అక్షరం దానంతటదే లేచి వస్తుంది. రాయి ఉత్తరం వైపు తిరిగి ఉంటే ఏడాదిలో చాలా నెలలు ఆ ఎండ అందదు. అప్పుడు నల్ల దుప్పటి, గొడుగు అడ్డంపెట్టి టార్చి వాడాలి. టార్చిని, వెలుతురు రాతి ముఖాన్ని రాసుకుంటూ పోయేట్టు, పది పదిహేను డిగ్రీల వాలులో, ఒక మీటరు దూరం నుంచి పట్టుకోవాలి. ఎడమ, కుడి, పైన, కింద నుంచి ఒక్కో ఫొటో. నిలువు గీతలు పక్క వెలుతురుకు, తలకట్టు లాంటి అడ్డ గీతలు పై వెలుతురుకు బయటపడతాయి. ఒకే వైపు నుంచి తీస్తే సగం అక్షరాలు పోయినట్టే. ఫోను స్టాండు మీద, రాతికి సరిగ్గా ఎదురుగా, ఫ్లాష్ ఆపి, టైమర్ పెట్టి తీయాలి. చేత్తో నొక్కితే కదులుతుంది. పక్కన పది సెంటీమీటర్ల స్కేలు, ఉత్తరం గుర్తు తప్పకుండా కనపడాలి. ముందు మొత్తం రాయి, తర్వాత రెండేసి వరుసలు. ఒక ఫొటో చివరి వరుస, తర్వాతి ఫొటోలో మొదటి వరుసగా మళ్లీ రావాలి.

తడి కాగితంతో అచ్చు తీయడం ఇంకో మెట్టు. మొదటిసారి ఎస్వీ యూనివర్సిటీ పురావస్తు విభాగం లాంటి చోట నేర్చుకున్నవాళ్లు పక్కన ఉంటేనే చేయాలి. పొర లేస్తున్న రాతి మీద అసలు చేయకూడదు. మందపాటి మాప్లిథో కాగితాన్ని రాతకన్నా నాలుగు వైపులా ఐదు సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా కత్తిరించి, తడిపి, తడి రాతి మీద పరుస్తారు. గట్టి వెంట్రుకల బ్రష్షుతో మధ్య నుంచి అంచులకు కొట్టుకుంటూ పోతే కింది గాలి బయటికి పోయి కాగితం గాళ్లలోకి దిగుతుంది. లోతైన గాడి దగ్గర చిరిగితే చిన్న తడి ముక్క అతికించి మళ్లీ కొట్టాలి. తర్వాత ఆగడం ముఖ్యం. నీటి మెరుపు పోయి కాగితం తెల్లబడే వరకు సిరా ముట్టుకోకూడదు. దీపపు మసి, తుమ్మజిగురు కలిపి ముందు రోజే నానబెట్టిన సిరాను, దూది మూటకు పలకమీద అద్ది, ఆ మూటతో కాగితం మీద ఒత్తాలి, రుద్దకూడదు. గాడిలోకి దిగిన కాగితానికి మూట తగలదు కాబట్టి చుట్టూ నల్లగా, అక్షరం తెల్లగా వస్తుంది. తొందరపడి తడి మీదే అద్దితే సిరా కాగితం దాటి రాతికి అంటుకుంటుంది. గాలి ఎక్కువైతే అంచులు ఎండి లేచిపోతాయి, అందుకే పొద్దున్నే, నీడలో చేయాలి. ఆరాక తీసి, వెనక పెన్సిలుతో ఊరు, తేదీ, రాతి ముఖం దిక్కు రాసి గుండ్రంగా చుట్టాలి. మడిస్తే ఆ మడతలో ఒక వరుస పోతుంది.

చదవడానికి తొందర వద్దు. ఇక్కడి రాళ్ల మీద తెలుగే కాదు, తమిళం, తమిళనాట సంస్కృతం రాయడానికి వాడిన గ్రంథలిపి, కన్నడం కూడా ఉంటాయి. తిరుమల శాసనాల్లో ఎక్కువభాగం తమిళమే. శాసన పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి శ్రమతో దేవస్థానం వాటిని 1930ల్లో సంపుటాలుగా అచ్చు వేయించింది కాబట్టి ఈ రోజు గది కదలకుండా చూడగలుగుతున్నాం. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయండి. అనుమానం ఉన్న అక్షరాన్ని చదరపు కుండలీకరణంలో, పోయినదాన్ని చుక్కలతో చూపండి. శకటరేఫ కనిపిస్తే ‘ఱ’ అనే రాయాలి, మామూలు ‘ర’ చేయొద్దు, కాలం చెప్పే ఆనవాళ్లలో అదొకటి.

తేదీ లెక్క మాత్రం అక్కడే చూసుకోవచ్చు. క్రీస్తు శకం తెలియాలంటే శక సంవత్సరానికి 78 కలపాలి, పుష్యం సగం దాటి ఫాల్గుణం చివరి లోపు అయితే 79. సంవత్సరం పేరుతో సరిచూడాలి. శ్రీకాళహస్తి రాజగోపురాన్ని కృష్ణదేవరాయలు కట్టించిన 1516 అంటే శక 1438, ధాత నామ సంవత్సరం. అంకె ఒకటి చెప్పి, పేరు ఇంకొకటి చెబితే, అంకెను మళ్లీ చూడండి, సాధారణంగా పొరపాటు అక్కడే ఉంటుంది. ఆ గోపురమే 2010 మేలో కూలిపోయింది. రాయి ఎంత గట్టిదైనా ఫొటో, కొలత, నకలు ముందే ఉండాలి అనడానికి ఇంతకన్నా పెద్ద కారణం నాకు తెలియదు.

పునాది తవ్వుతుంటే రాగి రేకులో, నాణేలో బయటపడితే అది వేరే దారి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన పాతిపెట్టిన సొత్తు గురించి కలెక్టరుకు తెలపాలి. తహసీల్దారుకు చెప్పి, రసీదు తీసుకోండి. రేకును చింతపండుతో తోమొద్దు.

ఫైలు పేరులో మండలం, ఊరు, రాతి నంబరు, తేదీ ఉండాలి. రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో దాచాలి. అచ్చు వేసిన ఒక ప్రతి పంచాయతీ ఆఫీసుకు, ఒకటి ఊరి బడికి, ఒకటి రాయి ఉన్న పొలం రైతుకు ఇవ్వాలి. రైతు ప్రతిలో అర్థం పెద్ద అక్షరాల్లో ఉండాలి. తన గట్టు మీది రాయి ఎవరి పేరు మోస్తోందో తెలిస్తే, ట్రాక్టరు తిప్పేటప్పుడు ఆయనే చుట్టూ రెండు అడుగులు వదులుతాడు.