కొబ్బరితోట గుండా మా చేనికి దారి: కోర్టులో నా అనుభవం

కోనసీమలో మా వరిచేనికి బండి వెళ్లాలంటే ముందున్న కొబ్బరితోట గట్టు మీదుగానే వెళ్లాలి. మిగిలిన వైపులా పంటకాలువ, ఇతరుల చేలు ఉన్నాయి. ఆ తోట హక్కుదారు అమెరికా పౌరసత్వం తీసుకుని అక్కడే స్థిరపడ్డారు. సార్వా (ఖరీఫ్) కోతలు దగ్గరపడిన సమయంలో ఆయన తరఫున తోట చూసేవారు గట్టు మొదట్లో ఇనుప గేటు పెట్టి, గొలుసు చుట్టి తాళం వేశారు.

విదేశీ పౌరుడికి ఇక్కడ పొలం ఉండటమే చెల్లదని, గేటు పగలగొడితే సరిపోతుందని ఊళ్లో చాలామంది అన్నారు. ఆ మాట నిజం కాదు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నవారు వ్యవసాయ భూమిని కొనకూడదు గాని, వారసత్వంగా వచ్చినదాన్ని నిరభ్యంతరంగా ఉంచుకోవచ్చు. గేటు పగిలితే కేసు మా మీద పడేది, అసలు దారి సంగతి పక్కకు పోయేది.

మొదట సర్వే ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు తీసుకున్నాను. పటంలో పుంతగా, అంటే ఊరి బండ్లదారిగా, గుర్తించి ఉంటే అది ప్రభుత్వ భూమి. 1905 నాటి ఆక్రమణల చట్టం కింద తహసీల్దారే అడ్డు తొలగించగలరు. మా గట్టు పూర్తిగా తోట సర్వే నంబరులోనే ఉంది కనుక సివిల్ కోర్టుకు వెళ్లక తప్పలేదు.

ఇతరుల భూమి మీద దారి వంటి హక్కుల గురించిన 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఇరవై ఏళ్లు బహిరంగంగా, అడ్డు లేకుండా, హక్కుగా నడిచిన దారిపై హక్కు ఏర్పడుతుంది. అయితే ఆ ఇరవై ఏళ్ల వాడకం దావాకు ముందు రెండేళ్లలోపు వరకూ సాగి ఉండాలి. మా పెద్దలు గౌరవంతో చెప్పే ‘పెద్దాయన దయతో నడవనిచ్చారు’ అన్న మాటే ఇక్కడ ప్రమాదకరం, ఎందుకంటే అనుమతితో నడిచినది హక్కు కాదు. మమ్మల్ని నిలబెట్టినది పాత దస్తావేజు. మా నాన్నగారు ఆ చేనును కొన్నది తోటవారి తాతగారి వద్దనే. ఒకే కమతాన్ని విడగొట్టి అమ్మినప్పుడు, వేరే దారి లేని ముక్కకు మిగిలిన భాగం గుండా దారి అవసరం రీత్యా వస్తుందని అదే చట్టంలోని 13వ సెక్షన్ చెబుతుంది. దానికి ఇరవై ఏళ్ల లెక్క అక్కర్లేదు, దస్తావేజులో దారి ప్రస్తావన కూడా అక్కర్లేదు.

మధ్యంతర ఉత్తర్వుతో కోతలు జరిగాయి. ఆ తరువాత తోట హక్కుదారు నాకు స్వయంగా ఫోన్ చేశారు. ‘బాబాయ్, దారి మీద నాకు అభ్యంతరం లేదు, దింపుకు (కాయల కోతకు) ముందే రాత్రుళ్లు కాయలు పోతున్నాయి’ అన్నారు. అది న్యాయమైన బాధే. అంత దూరాన ఉన్న మనిషిని ఊరి నుంచి ఆ మాట అడిగినవారే లేకపోయారు.

రాజీకి ఆయన ఒక బంధువుకు పవరాఫ్ అటార్నీ ఇచ్చారు. అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన ఆ పత్రానికి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టించాలి. ఆ గడువును మా వకీలు గారు ముందే గుర్తుచేశారు. రాజీతో తగాదాలు తేల్చే లోక్ అదాలత్‌లో గేటు ఉంచడానికి మేము, పగలంతా తెరిచి ఉంచి రాత్రికి మాకూ ఒక తాళంచెవి ఇవ్వడానికి వారు ఒప్పుకున్నాం. అక్కడ ఇచ్చే తీర్పు అయిన అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంది, దానిపై అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వచ్చింది.

అవార్డు కక్షిదారులకే వర్తిస్తుంది కనుక, మా వెనుక చేలవారినీ ముందే దావాలో చేర్చాం. తోట చేతులు మారినా తగాదా రాకుండా సర్వే నంబర్లు, గట్టు వెడల్పు, కొలతల పటం అవార్డుకు జతపరిచాం.