కొనకముందే కొట్టిన మందు

అనంతపురం దగ్గర అరవై ఎకరాల జి-9 అరటి తోట చూసుకుంటాను. గల్ఫ్‌కి కాయ పంపడం మాకు అలవాటే. యూరప్ ఆర్డర్ కావాలంటే గ్లోబల్ గ్యాప్ సర్టిఫికెట్, అంటే సాగు పద్ధతిగా చేస్తున్నామని తనిఖీ చేసి ఇచ్చే కాగితం, ఉండాలన్నారు. నీళ్ల పరీక్ష, మందుల గదికి తాళం, కూలీలకి మరుగుదొడ్లు... డబ్బు పెడితే అయ్యే పనులు, అయిపోయాయి.

దొరికిపోయింది పుస్తకం దగ్గర. ఏ బ్లాకులో ఏ మందు, ఎంత మోతాదు, ఎవరు కొట్టారు, కోతకి ఎన్ని రోజుల ముందు కొట్టారు అన్నీ రాసుండాలి. మా మందు కొట్టే పెద్దాయనకి చదువు రాదు. "రాసేదేముంది సామీ, అంతా తలకాయలో ఉంది గదా" అంటాడు. ఆ మాట నమ్మి, ఆడిట్‌కి ముందు రెండు రాత్రులు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఏడాది లెక్కంతా నేనే రాసేశా.

ఆడిటర్ పుస్తకాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకున్నాడు. ఏడాది తోటలో తిరిగిన పుస్తకానికి ఒక్క మట్టి మరక లేదు. తర్వాత షాపు బిల్లులు అడిగాడు. ఒక మందు మేం కొన్న తేదీ, కొట్టిన తేదీకి నాలుగు రోజుల తర్వాతది! "ఎప్పుడు రాశారు?" అన్నాడు. చెప్పేశా.

మేజర్ పాయింట్లు నూటికి నూరు, మైనర్‌వి 95 శాతం పాసవ్వాలి. మొదటిసారి కాబట్టి దిద్దుకోడానికి మూడు నెలలిచ్చారు.

అప్పుడు తెలిసింది ఇంకో సంగతి. పెద్దాయన మోతాదు మూతల లెక్క. ఒక్కో కంపెనీ సీసాకి ఒక్కో సైజు మూత! కొలజాడీ కొన్నాం. మందు కలిపే ముందు లేబుల్ ఫోటో, బ్లాకు నంబరు చెప్తూ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమన్నా. తేదీ, టైమూ దానంతటవే పడతాయి. సాయంత్రం గుమాస్తా పుస్తకంలోకి ఎక్కిస్తాడు.

అసలు టెన్షన్ పక్క చేనుతో. క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు యూరప్‌కి పంపే కాయలో కిలోకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదు, అంటే వెయ్యి టన్నుల పండులో పది గ్రాములు. మేం మానేశాం, పక్క చేనాయన మానలేదు, గాలీ మానదుగా. కొట్టే ముందు ఫోన్ చెయ్యమంటే ఆయన నవ్వాడు, "మీ కాయలకి జ్వరమొస్తుందా ఏందప్పా?" చివరికి గట్టు పక్క రెండు సాళ్లు ఎగుమతిలోంచి తీసేసి లోకల్ మార్కెట్‌కి పంపుతున్నాం. అదేం న్యాయమని మా ఆవిడ అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

రెండోసారి ఆడిటర్ ఒక వాయిస్ మెసేజ్ పెట్టించుకుని విన్నాడు. బ్లాకు నంబరు మధ్యలో "ఒరేయ్, ఆ పైపు తొక్కొద్దు" అని పెద్దాయన తిట్టు. నవ్వి సంతకం పెట్టాడు. సర్టిఫికెట్ ఏడాదికే. వచ్చే నెల మళ్లీ ఆడిట్, నిన్నట్నుంచి కొలజాడీ కనబడట్లేదు.