గుండె కొట్టుకుంటుంటే చనిపోయారని ఎలా అంటారు?

వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని బ్రెయిన్ డెడ్ అన్నప్పుడు ఐసీయూ బయట కుటుంబాలు అడిగే ఈ ప్రశ్నకు దేశానికో జవాబుంది. మన 1994 అవయవ మార్పిడి చట్టం మెదడు కాండం (ఊపిరిని నడిపే మెదడు అడుగు భాగం) మరణాన్నే చూస్తుంది. నలుగురు డాక్టర్ల బోర్డు కనీసం 6 గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించి ఫారం 10 మీద సంతకాలు పెట్టాలి. బ్రిటన్‌లోనూ కాండమే ప్రమాణం, కానీ ఇద్దరు డాక్టర్లు చాలు. మరణ సమయం మొదటి పరీక్షదే. అమెరికా మెదడంతా పనిచేయడం మానాలంటుంది. అక్కడి న్యూజెర్సీ రాష్ట్రంలో మత విశ్వాసం అడ్డొస్తే అలా ప్రకటించరు. జపాన్‌లో అవయవదానానికైతేనే ఈ నిర్ధారణ, ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) కూడా తప్పనిసరి. లేదంటే గుండె ఆగేదాకా చూస్తారు.

అన్నిచోట్లా అసలు కీలకం ఆప్నియా పరీక్ష, అంటే వెంటిలేటర్ లేకుండా సొంతంగా ఊపిరి తీస్తారా అని చూడడం. అంకెలు దేశాన్ని బట్టి మారినా, సాధారణంగా ముందు 10 నిమిషాలు నూరు శాతం ఆక్సిజన్ ఇచ్చి వెంటిలేటర్ తీస్తారు. శ్వాసగొట్టంలోకి సన్నని గొట్టంతో (కాథెటర్) నిమిషానికి 6 లీటర్ల ఆక్సిజన్ వదులుతూ, ఛాతీ, పొట్ట మీది బట్ట తీసి 8 నుంచి 10 నిమిషాలు కళ్లార్పకుండా చూడాలి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం 60 మిల్లీమీటర్ల పాదరసం దాటినా ఒక్క ఊపిరి రాకపోతేనే ఊపిరి ఆగినట్టు లెక్క. మధ్యలో బీపీ పడిపోతే ఆపేయాలి.

తప్పు జరిగేది ఎక్కువగా పరీక్షకు ముందే. మత్తుమందు దిగకుండా, ఒళ్లు చల్లబడి ఉండగా, కండరాలు సడలించే మందు ప్రభావం పోకుండా చేస్తే ఆ ఫలితాన్ని నమ్మకూడదు. ఆ మూడూ చూశారా అని డాక్టర్‌ను అడగండి, అది మీ హక్కు.