ఆదివారం మాత్రమే

ఇరవై ఏళ్లుగా బోర్డులు రాస్తున్నాను. హనుమకొండలో షట్టర్ల మీద, స్కూలు గోడల మీద, ఆటోల వెనకాల. నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ, అందరికీ 'ఆర్టిస్టన్న'నే. ఫ్లెక్సీలొచ్చి సగం పని పోయినా ఆ పిలుపు పోలేదు.

2024 జనవరిలో, ఇంకో నెలలో మేడారం జాతర అనగా, ఒక పొద్దున రెండు చేతులూ గుప్పిట పడలేదు. జాతర ముందు మాకు చేతినిండా పని, సరిగ్గా అప్పుడే చేతులు మొరాయించాయి. అమ్మ "చికెన్‌గున్యా నొప్పులే బిడ్డా, తగ్గుతయ్" అంది. గల్లీలో ఒకాయన సూది వేస్తే వారం హాయిగా ఉండేది, మళ్లీ మొదటికే. అందులో ఏముందో నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు, నాలుగు నెలలు అలాగే గడిచాయి. చివరికి కీళ్ల డాక్టరమ్మ వేళ్ల మొదళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసి, పొద్దున ఎంతసేపు బిగుసుకుపోయి ఉంటాయని అడిగింది. గంటకు పైనే అన్నాను. రక్తపరీక్షల్లో ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ పాజిటివ్. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కీళ్ల లోపలి పొర మీద పడుతుందట. ముసలితనంలో మోకాళ్లు అరగడం వేరు, ఇది వేరు.

మెథోట్రెక్సేట్ రాసింది. వారానికి ఒక్కరోజే, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని మూడుసార్లు చెప్పింది. ఫోలిక్ యాసిడ్ వేరే రోజు, మధ్యమధ్యలో లివర్‌కు, రక్తకణాలకు పరీక్షలు. ఈ మందు నడవాలంటే సీసాలో మందు బంద్. అది మానడం అనుకున్నంత కష్టం కాలేదు గానీ, రెండు నెలలు ఏ తేడా లేకుండా మాత్రలు మింగుతూ కూర్చోవడమే నరకం.

తప్పు జరగొద్దని మాత్రల డబ్బా మీద 'ఆదివారం మాత్రమే' అని రాద్దామని మార్కర్ పట్టుకున్నాను. జనవరి తర్వాత నేను రాసిన మొదటి అక్షరాలవే. సున్నా కోడిగుడ్డులా సాగింది, 'త్ర' కింది ఒత్తు వణికింది. తెలుగు అక్షరమంటే అంతా తిప్పుడే కదా, ఇంగ్లీషైతే గీతలతో లాగించేయొచ్చు. మా ఆవిడ బాగుందంది. ఇరవై ఏళ్లు సున్నాలు చుట్టినవాడికి తెలీదా!

నొప్పి కాస్త దిగాక బ్రష్ కాడకు పాత సైకిల్ ట్యూబు చుట్టి లావు చేశాను. మణికట్టు వదిలేసి భుజంతో తిప్పడం నేర్చుకున్నాను. పొద్దున వేడినీళ్లు, పదకొండు దాటాకే పని, సోమవారం ఒళ్లు బరువు కాబట్టి ఆ రోజు ఎవరికీ మాటివ్వను. అడుగెత్తు అక్షరాలు వచ్చేస్తాయి, చిన్నవే రావు.

పోయినేడు మట్టెవాడలో ఒక కిరాణా షట్టర్ రాశాను. పన్నెండేళ్ల కింద దాన్ని రాసిందీ నేనే. సేటు చాలాసేపు చూసి, "అక్షరం మారిందేందన్నా, ఎవరన్న పిలగానితోని రాయించినవా?" అన్నాడు. నేనే రాశానన్నాను. "మరి కింద నీ పేరేది?" అన్నాడు. ఎప్పుడూ కుడివైపు మూలన వేలెడంత పెడతాను, ఇప్పుడు ఆ సైజు రాదని చెప్పబుద్ధి కాలేదు. మర్నాడు వెళ్లి జానెడు ఎత్తున రాశాను.

"నా ఫోన్ నంబర్ కన్న నీ పేరే పెద్దగున్నది, జర తగ్గియ్యి" అన్నాడు.

"తగ్గదు సేటూ" అన్నాను.