ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో పీటర్

2021 డిసెంబరు 17న అమెరికాలోని చాలా తెలుగు ఇళ్లలో ఒకే గొడవ జరిగి ఉంటుంది. ‘పుష్ప’కి వెళ్దామా, ‘స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్’కి వెళ్దామా? రెండూ ఒకే వారం దిగాయి. మా ఇంట్లో పంచాయితీ త్వరగానే తేలిపోయింది. మా ఆయన స్నేహితులతో అల్లు అర్జున్ దగ్గరికి, నేను పిల్లలిద్దరితో పీటర్ పార్కర్ దగ్గరికి. పిల్లల్ని థియేటర్‌కి తీసుకెళ్లే డ్యూటీ ఎప్పుడూ నాదే ఎందుకవుతుందో అదో పెద్ద కథ, వదిలేయండి.

సినిమా మొదలైన కాసేపటికే నాకు తెగ నవ్వొచ్చింది. పీటరే స్పైడర్‌మ్యాన్ అని లోకానికంతా తెలిసిపోవడంతో ఆ రచ్చ వల్ల వాడికీ, వాడి ఇద్దరు స్నేహితులకీ ఎం.ఐ.టి.లో సీటు రాదు. దాంతో నేరుగా మాంత్రికుడు డాక్టర్ స్ట్రేంజ్ దగ్గరికెళ్లి, తనెవరో లోకమంతా మర్చిపోయేలా మంత్రం వేయమంటాడు. మంత్రం చెడిపోయాక తెలుస్తుంది, వీడు అసలు కాలేజీకి ఫోన్ చేసి ఒక్కసారైనా అడగలేదని. ఆయన నెత్తి కొట్టుకున్నంత పని చేస్తాడు. ఒక్క అడ్మిషన్ కోసం విశ్వాలన్నీ ఒకదానిలోకి ఒకటి వచ్చి పడతాయి. హైస్కూలు పిల్లలున్న తెలుగువాళ్లకి ఇది ఫాంటసీ అనిపించదు.

అలా వచ్చి పడినవాళ్లలోనే పాత స్పైడర్‌మ్యాన్ సినిమాల్లోని మిగతా ఇద్దరు పీటర్లూ ఉన్నారు. టోబీ మగ్వైర్, ఆండ్రూ గార్‌ఫీల్డ్, టామ్ హాలండ్ ఒకే తెర మీద కనిపించేసరికి హాలు దద్దరిల్లిపోయింది. మా వరుసలో మాత్రం ఆ క్షణం నుంచే పార్టీలు మొదలయ్యాయి.

నాది టోబీ పార్టీ. 2004లో ‘స్పైడర్‌మ్యాన్ 2’ వచ్చేనాటికి నేను ఎం.ఎస్. చదువుతున్నాను. అద్దె నలుగురు రూమ్మేట్లం పంచుకునేవాళ్లం, వచ్చే సెమిస్టర్‌కి ఫండింగ్ ఉంటుందో లేదోనని ఒకటే టెన్షన్. ఆ సినిమాలో పీటర్ పిజ్జా డెలివరీ ఆలస్యం చేసి ఉద్యోగం పోగొట్టుకుంటాడు, క్లాసుకి సమయానికి రాడు, ప్రొఫెసర్ చేత చీవాట్లు తింటాడు. ఇంటికొస్తే ఓనర్ అద్దె అడుగుతాడు. ఓనర్ కూతురు జాలిపడి ఒక కేకు ముక్క పెడుతుంది. ఆ కేకు సీనులో మేం నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఎగిరే హీరోని చాలామంది తీశారు, ఎగిరొచ్చి అద్దె బాకీ పడే హీరోని నాకు చూపించింది దర్శకుడు సామ్ రైమీయే. టోబీ మొహం కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది: అలసిపోయినట్టు, ఎవరో తిట్టబోతుంటే ముందే సారీ చెప్పేలా.

మా అమ్మాయిది ఆండ్రూ పార్టీ. మిగతా ఇద్దరి కన్నా ఇతనే బాగా మాట్లాడతాడని దాని వాదన. దొంగని వెక్కిరించేటప్పుడు మాట చురుగ్గా ఉంటుంది, అదే ప్రియురాలు గ్వెన్ ఎదురుగా నిలబడితే వాక్యం పూర్తికాదు. 2014 సినిమాలో గడియారం స్తంభంలో గ్వెన్ కిందికి పడిపోతుంటే దారం ఆమెని అందుకుంటుంది గానీ క్షణం ఆలస్యంగా. ఆ సినిమా కథ అతుకులబొంతలా ఉంటుందని నా అభిప్రాయం, కానీ ఆ ఒక్క సీనుకి నోరు మూసుకుంటాను. ‘నో వే హోమ్’లో వేరే పీటర్ ప్రేమించిన అమ్మాయి అలాగే పడిపోతుంటే అతనే దూకి పట్టుకుంటాడు. పట్టుకున్నాక అతని గడ్డం వణుకుతుంది. నా పక్క సీట్లో మా అమ్మాయి గడ్డం కూడా.

అబ్బాయిది టామ్ పార్టీ. అక్కడే నాకూ వాడికీ పేచీ. మీ పీటర్‌కి కష్టమేముందిరా, సూటు కూడా కోటీశ్వరుడు టోనీ స్టార్క్ కుట్టించి ఇచ్చాడు, ప్రైవేటు విమానం ఎక్కించాడు అంటాను. “అమ్మా, వాడికి పదిహేనేళ్లు. పదిహేనేళ్లవాడు రెంట్ ఎందుకు కట్టాలి?” అంటాడు వాడు. ఇంతకీ నా గొడవ పీటర్‌తో కాదని వాడికీ తెలుసు. మేం అద్దె పంచుకున్న రోజులు వాడు చూడలేదు, చూసే అవసరమూ లేదు. అలా లేకుండా చేయడానికే కదా ఇన్నేళ్లూ ఉద్యోగాలు చేసింది! అయినా అప్పుడప్పుడు కాస్త కష్టం వాసన తెలిస్తే బాగుండునని ప్రాణం కొట్టుకుంటుంది. అమెరికా తెలుగు తల్లుల్లో ఈ రోగం లేనిది ఎవరికో చెప్పండి.

పైగా ఆ టోనీ స్టార్క్ మాట్లాడేదంతా మన నాన్నల ధోరణే. సూటు లేకపోతే నేనేమీ కానని పీటర్ ఏడిస్తే, అలాంటప్పుడు నీకది ఉండనే కూడదని లాగేసుకుంటాడు. ఫోన్ లాక్కునే ముందు మా ఆయన అచ్చం ఇదే లాజిక్ చెబుతాడు.

ఈ తగువు తీర్చింది మా నాన్న. తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి ఆ తర్వాతి వేసవిలో మా దగ్గరికొచ్చి ఉన్నప్పుడు మనవడు ఆయనకి వరసగా అన్నీ చూపించాడు. ముగ్గురూ కలిసే సీనులో, పేర్లు ఒకటే కావడంతో వాళ్లు తమకి తాము నంబర్లు పెట్టుకుంటారు. టామ్ పీటర్ వన్, టోబీ పీటర్ టూ, ఆండ్రూ పీటర్ త్రీ. మా నాన్న చప్పున లేచి కూర్చున్నారు.

“ఇది మన నాటకాల పద్ధతే కదరా!”

పిల్లలకి అప్పుడు చెప్పారు. మావైపు తిరుపతి వేంకట కవుల పద్యనాటకాలు తెల్లవార్లూ ఆడేవారు. కంబైన్డ్ నాటకమైతే వేర్వేరు ఊళ్ల నుంచి పేరున్న నటుల్ని పిలిపించి, ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణుల్ని దింపేవారు. పడక సీనుకి ఒకటో కృష్ణుడు, రాయబారానికి రెండో కృష్ణుడు. ఒకరు దిగిపోయి ఇంకొకరు ఎక్కుతారు, నెమలి పింఛం అదే, మనిషి వేరు. జనం ఇదేమిటని అడగరు. పద్యం బాగుంటే వన్స్‌మోర్ అంటారు, లేకపోతే టీకి లేస్తారు. షణ్ముఖి ఆంజనేయరాజు రాగం తీస్తే అలా వింటూ ఉండిపోవచ్చనీ, పీసపాటి నరసింహమూర్తి నోట ప్రతి మాటా విడిగా అర్థమయ్యేదనీ మా నాన్న చెబుతుంటే, మా అబ్బాయి అడిగాడు, “మరి ఇద్దరిలో ఎవరు బెస్ట్ తాతా?”

“ఏ సీనుకి?” అన్నారాయన.

అక్కడి నుంచి మా ఇంట్లో కొత్త ఆట మొదలైంది. కాగితం తీసుకుని ముగ్గురు పీటర్లకీ సీన్లు పంచారు, నాటకం కాంట్రాక్టరు నటులకి పంచినట్టు. మొత్తం మీద ఏ పీటర్ గొప్ప అన్న ప్రశ్న నిషిద్ధం. మా నాన్నకి మాత్రం రెండు అభ్యంతరాలు ఉండిపోయాయి. వయసులో పెద్దవాడైన టోబీ రెండోవాడు ఎలా అవుతాడు? అంతకన్నా పెద్దది, మొహం మొత్తం కప్పేస్తే ఇక అభినయం ఎక్కడ?

రెండోదానికి మా అమ్మాయి జవాబు చెప్పింది. “తాతా, బెస్ట్ సీన్లలో మాస్క్ ఉండదు.” అది అనేదాకా నాకూ తట్టలేదు. ‘స్పైడర్‌మ్యాన్ 2’లో రైలు ఆపేటప్పుడు టోబీ మొహానికి ముసుగు లేదు. స్పృహ తప్పి పడిపోతే ప్రయాణికులు తలల మీదుగా లోపలికి అందుకుంటారు. వీడు నా కొడుకు కన్నా పెద్దవాడేం కాదు, పసివాడు అంటాడు వాళ్లలో ఒకాయన. 2012 సినిమాలో వంతెన మీంచి వేలాడుతున్న కారులో చిన్నపిల్లాడు భయంతో బిగుసుకుపోతే, ఆండ్రూ తన ముసుగు తీసి వాడికి తొడిగి, ఇది వేసుకుంటే బలమొస్తుంది, పైకి ఎక్కి రా అంటాడు. ‘హోమ్‌కమింగ్’లో శిథిలాల కింద ఇరుక్కుపోయిన టామ్ ముసుగు పక్కన నీళ్లలో పడి ఉంటుంది. ఎవరైనా ఉన్నారా అని గొంతు చించుకుని ఏడుస్తాడు, ఎవరూ రారు, తనకి తనే ధైర్యం చెప్పుకుని లేస్తాడు. టామ్ చిన్నప్పుడు లండన్‌లో డాన్సు నేర్చుకుని రంగస్థలం మీద ఆడినవాడు. పిల్లిమొగ్గలు వేసేటప్పుడు ఆ ఒడుపు తెలుస్తుంది. నాకు మాత్రం వాడు బాగా నచ్చింది కదలలేని ఈ సీనులోనే. పిల్లాడు అలా అరుస్తుంటే అద్దె సంగతి ఏ తల్లికి గుర్తుంటుంది?

మా నాన్న పంపకంలో రైలు రెండోవాడికి, శిథిలాలు ఒకటోవాడికి. వంతెన సీను మూడోవాడికి ఇచ్చారు గానీ, పద్యం తక్కువైందన్నారు. పీటర్‌ని పెంచే మే పిన్నిల మీద విడిగా ఒక తీర్పు చెప్పారు. టోబీ సినిమాల్లో పిన్ని రోజ్‌మేరీ హ్యారిస్ అచ్చం మా నాయనమ్మలా ఉందట. టామ్ సినిమాల్లో పిన్ని మరిసా టోమే దగ్గరికొచ్చేసరికి, “ఈ అమ్మాయి పిన్నా? వీడికి అక్కేమో సరిగ్గా చూడండి” అన్నారు.

2023లో ముంబై, మన్‌హాటన్ కలిపి ఊహించిన ముంబాటన్ నగరం నుంచి పవిత్ర ప్రభాకర్ అనే యానిమేషన్ స్పైడర్‌మ్యాన్ వచ్చినప్పుడు మా పిల్లలు ఎగిరి గంతేస్తారనుకున్నాను. అమ్మాయికి వాడి జుట్టు నచ్చింది. అబ్బాయి భుజాలెగరేశాడు. న్యూయార్క్ క్వీన్స్‌లో ఫ్లషింగ్ గణేశుడి గుడి కింద క్యాంటీన్‌లో దోసె తిన్న ప్రతిసారీ ఇది పీటర్ ఏరియా అని వాడే గొప్పలు పోతాడు. అంతకు మించి బంధుత్వం వాడికి అక్కర్లేదు కాబోలు.

‘నో వే హోమ్’ చివర్లో అందరూ పీటర్‌ని మర్చిపోతారు. మే పిన్ని లేదు, టోనీ లేడు. వాడు ఒక పాత గది అద్దెకి తీసుకుంటాడు. ఒకటో తారీఖుకి అద్దె పడాలని ఓనరు గుర్తుచేస్తాడు. సూటు తనే కుట్టుకుంటాడు. ఇంట్లో తాతతో చూస్తున్నప్పుడు మా అబ్బాయి రిమోట్‌తో పాజ్ కొట్టి నా వైపు తిరిగాడు.

“రెంట్ కడుతున్నాడు. హ్యాపీయా?”

నేను నోరు తెరిచేలోపే మా నాన్న అడిగారు, “అదిసరే, ఈ కుర్రాడికి అన్నం ఎవరు పెడతారు?”

“రెండో పీటర్‌ని అడిగితే పిజ్జా షాపులో జాబ్ ఇప్పిస్తాడులే తాతా.”

“వాళ్లు ఆయన్నే తీసేశారుగా!” అంది మా అమ్మాయి.