రెండు సంతల జ్వరం

“జ్వరం ఎన్నాళ్ల నుంచి?” అని అడిగితే, ఎదురుగా బల్ల మీద కూర్చున్న నడివయసు మనిషి కాసేపు ఆలోచించి “రెండు సంతలయింది బాబూ” అన్నాడు. విశాఖపట్నంలో ఏళ్ల తరబడి చదివి, వార్డుల్లో లెక్కలేనన్ని కేసు షీట్లు రాసిన నాకు ఆ ప్రశ్నకు రోజులూ వారాలూ తప్ప మరో కొలత ఉంటుందని అంతవరకు తెలియదు. సంత వారానికొకసారి కనుక పద్నాలుగు రోజులని రాయబోయాను. పక్కనే నిలబడి ఉన్న ఆశా కార్యకర్త నా పెన్ను ఆపింది. కిందటి సంతకు వెళ్లి ఇంటికి చేరిన రాత్రి చలి మొదలైంది, నిన్న ఇంకో సంత జరిగింది, కాబట్టి రెండు సంతలు. రోజుల్లో చెప్పాలంటే ఎనిమిది. పద్నాలుగు రోజుల జ్వరమని కాగితం మీద పెడితే నా ఆలోచన టైఫాయిడ్ వైపు, క్షయ వైపు పరిగెత్తేది. ఎనిమిది రోజుల జ్వరం, రోజు విడిచి రోజు వచ్చే చలి, వానాకాలం, ఏజెన్సీ: ఇంత తెలిశాక ముందు మలేరియాను అనుమానించాలని రెండో సంవత్సరం విద్యార్థి కూడా చెప్పగలడు.

ఎంబీబీఎస్ చివర చేసే హౌస్‌సర్జన్సీలో నన్ను మన్యానికి పంపిన రోజుల సంగతి ఇది. ప్రస్తుత నిబంధనల ప్రకారం ఏడాది హౌస్‌సర్జన్సీలో 12 వారాలు కమ్యూనిటీ మెడిసిన్‌కు, అంటే ప్రజారోగ్యానికి, కేటాయించాలి. ఆ వారాలను మాలో చాలామంది సెలవులుగానే లెక్కేసుకునేవారు, అందులో నేనూ ఒకణ్ణి. ద్వారకా బస్‌స్టేషన్‌లో పాడేరు బస్సెక్కినప్పుడు నా సంచిలో బట్టల కన్నా పీజీ ప్రవేశ పరీక్ష పుస్తకాలే బరువుగా ఉన్నాయి. చోడవరం దాటి, మాడుగుల దగ్గర హల్వా కొనుక్కుని, ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపు తిప్పుతుండగా ఆ హల్వా ఎందుకు తిన్నానా అని విచారిస్తూ, మధ్యాహ్నానికి పైకి చేరాను. పాడేరు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రం. 2022 ఏప్రిల్ 4న ఆ జిల్లా ఏర్పడే వరకు విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. మా ఊళ్లో ఇప్పటికీ అందరూ దాన్ని ‘ఏజెన్సీ’ అనే అంటారు. 1839లో కంపెనీ ప్రభుత్వం చేసిన చట్టంతో ఈ కొండలను మామూలు చట్టాల నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా నియమించి పాలించారు. ఆ ఉద్యోగం పేరు ఈ నేలకు పేరుగా నిలిచిపోయింది.

నన్ను వేసిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పాడేరు నుంచి ఇంకా లోపలికి ఉంటుంది. మైదానంలో 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలనీ, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000కే ఒకటి ఉండాలనీ, ఉపకేంద్రాలైతే 5,000కు బదులు 3,000కు ఒకటి ఉండాలనీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ లెక్క తలలను కొలుస్తుంది, నడకను కొలవదు. మూడు వేలమంది నలభై గూడేల్లో విడివిడిగా ఉంటే, ఆ గూడేల మధ్య రెండు వాగులు పారుతుంటే, గూడేలు తిరిగే నర్సు, ఒక్క ఏఎన్‌ఎం, టీకాల డబ్బా భుజాన వేసుకుని ఎన్ని రోజుల్లో తిరిగి రాగలదో ఆ అంకెలో కనబడదు.

అక్కడ నాకు తొలి గురువు వైద్యుడు కాదు, ల్యాబ్ టెక్నీషియన్. రక్తపు చుక్కతో మలేరియాను పట్టే ఆర్‌డీటీ కిట్‌తో పావుగంటలో ఫలితం వస్తున్నప్పుడు స్లైడు ఎందుకని నేను అన్నందుకు, ఆయన మారుమాట లేకుండా జేఎస్‌బీ అనే రంగు వేసిన ఒక మందపాటి రక్తపు పూతను మైక్రోస్కోపు కింద పెట్టి చూడమన్నారు. ముప్ఫై ఫీల్డులు (మైక్రోస్కోపులో ఒక్కసారికి కనబడే మేర ఒక ఫీల్డు) చూసి ఏమీ లేదన్నాను. “వంద చూడకుండా లేదనకూడదు డాక్టరు గారూ” అన్నారు. యాభై ఎనిమిదో ఫీల్డులోనో, అరవైలోనో, ఉంగరం మీద చిన్న ఎర్రరాయి పొదిగినట్టున్న పరాన్నజీవి ఒకటి కనబడింది. ఆ తరువాత వంద లెక్కపెట్టకుండా స్లైడు మీద నుంచి కన్ను తీయలేదు. రోజుకు పది స్లైడులు వస్తే వెయ్యి ఫీల్డులని లెక్కేసుకుని ఆయన కళ్లద్దాలు ఎందుకంత మందమో అర్థం చేసుకున్నాను.

రెండు సంతల మనిషిది వైవాక్స్ మలేరియా. మందు మూడు రోజులు క్లోరోక్విన్, పద్నాలుగు రోజులు ప్రైమాక్విన్. మలేరియాలో ఇంకో రకం, ఫాల్సిపారమ్‌, అయితే వయసును బట్టి రంగులు మారే అట్టల్లో మూడు రోజుల మందు వస్తుంది. ఏడాది లోపు బిడ్డకు గులాబి, పెద్దవాళ్లకు తెలుపు. చదువు రాని తల్లి కూడా “మా పెద్దోడికి పచ్చ అట్ట ఇచ్చారు” అని గుర్తుపెట్టుకుని చెప్పగలదు. వైవాక్స్‌తోనే చిక్కు. మూడో రోజుకు జ్వరం పోతుంది. పోయాక ఇంకా పదకొండు రోజులు మాత్ర ఎందుకు మింగాలో చెప్పడానికి నేను కాలేయం బొమ్మ గీశాను, అందులో నిద్రపోతున్న పరాన్నజీవులను చుక్కలుగా పెట్టాను. ఆయన బొమ్మను మర్యాదగా చూశాడు. ఆశా అక్క ఇక ఊరుకోలేక తమ ఒడియాలో అందుకుంది. చెప్పడం అయ్యాక ఏమన్నావని అడిగితే తెలుగులో మళ్లీ చెప్పింది: “పసుపు ఆకు ఎండిపోతాది గదా బాబూ, చేను సచ్చిపోయినట్టే ఉంటాది. దుంప నేలలో బతికే ఉంటాది. వాన పడితే మళ్లీ మొలుస్తాది. జొరం పోడమంటే ఆకు ఎండడమే, దుంప తవ్వేదాకా మాత్ర ఆపకు అన్నాను.” పసుపు పండించే మనిషికి అంతకన్నా వివరణ అక్కర్లేదు. నేను చదివిన ఏ పాఠ్యపుస్తకంలోనూ వైవాక్స్ తిరగబెట్టడాన్ని ఇంత శుభ్రంగా చెప్పినవాళ్లు లేరు. ఆమె చెప్పడం మరచిన ఒక్క ముక్క, మూత్రం నల్లగా వస్తే మాత్రలు ఆపి వెంటనే రావాలన్నది, నేను కలిపాను. ప్రైమాక్విన్ కొందరిలో ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది కాబట్టి అది వదలకూడని మాట.

నా పొరపాట్లలో ఒకటి మాత్రం ఇప్పటికీ చీటీ రాసేటప్పుడల్లా గుర్తొస్తుంది. కాలి పుండుతో వచ్చిన ఒక పెద్దాయనకు అమాక్సిసిలిన్ ఐదు రోజులకు రాసి, చేతి అలవాటు కొద్దీ ‘మూడు పూటలా భోజనం తరువాత’ అన్నాను. ఐదు రోజుల తరువాత ఆయన అడ్డాకు పొట్లం విప్పి ఐదు గొట్టం మాత్రలు నా ముందు పెట్టాడు. ప్రభుత్వం సొమ్ము వృథా కాకూడదని మిగిలినవి తిరిగి తెచ్చాడు. ఎందుకు మిగిలాయంటే, వాళ్లు పొద్దున, రాత్రి అన్నం తింటారు. మధ్యాహ్నం పొలంలో చోడి అంబలి తాగుతారు. అంబలి తాగడం భోజనం కాదు కదా. నేను చెప్పినదాన్ని ఆయన తు.చ. తప్పకుండా పాటించాడు. పైగా ఆ మందుకు భోజనంతో పనే లేదు. పగలు రాత్రి ఎనిమిదేసి గంటల దూరంలో వేసుకోవడమే ముఖ్యం. ఆ రోజు నుంచి ముందు ‘ఏ వేళకు ఏం తింటారు’ అని అడిగి, తరువాతే మందు రాయడం నేర్చుకున్నాను. మరుసటి వారానికి పుండు మానుముఖం పట్టింది గానీ ఆ ఐదు గొట్టాలు నా బల్ల సొరుగులో ఆ పోస్టింగు అయ్యేదాకా ఉన్నాయి.

సికిల్ సెల్, అంటే ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు, దాని పరీక్షల సంగతి కొంచెం చెప్పాలి. 2023 జులై 1న కేంద్రం మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం కింద 40 ఏళ్ల లోపు వారికి, 2047 నాటికి ఆ జబ్బును లేకుండా చేయాలనే లక్ష్యంతో ఈ పరీక్షలు చేస్తున్నారు. ఆశ్రమ పాఠశాలలో ఒక పూటంతా పిల్లల వేళ్లు గుచ్చుతూ కూర్చున్నాను. గొట్టంలో ద్రావణానికి రక్తపు చుక్క కలిపి, వెనక గీతల కాగితం పెట్టి చూస్తారు. గీతలు కనబడితే లేనట్టు, మబ్బు కమ్మి మాసిపోతే అనుమానించి, నిర్ధారణకు పెద్ద ల్యాబ్‌కు పంపాలి. నిర్ధారణ వచ్చాక తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె “నాకు జబ్బుందా, లేదా?” అని అడిగింది. జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రెండు జన్యువులు కావాలి, ఆమెకు ఉన్నది ఒక్కటే. ఆమెకు జబ్బు లేదు. కానీ అలాంటివాణ్ణే పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే ముప్పు నాలుగింట ఒక వంతు. మేనరికాలున్న చోట, పదిహేనేళ్ల పిల్లకు, ఆమె స్నేహితురాళ్లు వింటుండగా ఆ సంగతి చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. వాళ్ల వార్డెన్ ఆ పిల్లను పక్కకు పిలిచి కూర్చోబెట్టింది. ఆ పని మొదట నేను చేయాల్సింది.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి దాచకుండా చెబుతాను. మమ్మల్ని కొండకు పంపేముందు హాజరు పట్టీ ఇచ్చారు, లాగ్‌బుక్ ఇచ్చారు, భాష ఇవ్వలేదు. ఆ చుట్టుపక్కల కోందు తెగవాళ్లు కువి భాష మాట్లాడతారు, సంతలో ఆదివాసీ ఒడియా నడుస్తుంది, తెలుగు మగవాళ్లకు వచ్చినంతగా ముసలి ఆడవాళ్లకు రాదు. వైద్యుడి అవసరం ఎక్కువగా వాళ్లకే. నొప్పి, దగ్గు, నెల తప్పడం, పాలు తాగడం, రక్తం అన్న పాతిక ముప్ఫై మాటలు ఒక వారం పాటు నేర్పించవచ్చు. నేర్పేవాళ్లను ఆ గూడేల నుంచే పిలిచి, అధ్యాపకులకు ఇచ్చినట్టే వారికీ పారితోషికం ఇవ్వాలి. నా లాగ్‌బుక్‌లో సంతకం పెట్టినవాళ్లు నాకు నేర్పినవాళ్లు కారు. 2024–25లో పాడేరులోనే ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది కాబట్టి అక్కడి పిల్లలకైనా ఈ భాషలు వార్డుల్లోనే చెవిన పడతాయని ఆశ.

చివరి నెలలో ఏడో నెల గర్భిణి ఒకామెకు హిమోగ్లోబిన్ 6.2 గ్రాములు వచ్చింది. ఏడు కన్నా తక్కువైతే తీవ్రమైన రక్తహీనత. మాత్రలతో అయ్యే పని కాదు, ఆసుపత్రిలో చేరాలి, రక్తం ఎక్కించాల్సి రావచ్చు. పాడేరు ఆసుపత్రికి చీటీ రాసిచ్చాను. ఆమె తలూపింది. వారం తరువాత గూడేనికి వెళ్తే ఆ చీటీ వాళ్ల ఇంటి చూరులో, చినుకు తగలకుండా, భద్రంగా దోపి ఉంది. నాకు కోపం వచ్చింది. ఆశా అక్క ఆమెను కాక ఆమె అత్తను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడింది. నాట్లు సగంలో ఉన్నాయి. పెద్దపిల్లను చూసేవాళ్లు లేరు. పైగా అంతకు ముందు ఏడు పక్కింటి కోడల్ని పెద్దాసుపత్రికి మోసుకెళ్తే తిరిగి రాలేదు. ఆ భయాన్ని మూఢనమ్మకమనడం తేలిక. కాన్పు అడ్డం తిరిగాక, నెత్తురు పోయాక, ఆఖరి గంటలో మోసుకెళ్లినవాళ్లు తిరిగిరాకపోవడం వాళ్లు కళ్లారా చూసిన సంగతి. వాళ్లు చూడనిది ముందుగా వెళ్లి తిరిగి వచ్చినవాళ్లను.

అక్క “వెళ్తావా” అని అడగలేదు, “ఎప్పుడు వెళ్లగలవు” అని అడిగింది. పై సంతకు ముందు రోజు అన్నారు. ఆ రోజు పొద్దున్నే వాగు మోకాలు దాటి ఉంది. 108 వచ్చే రోడ్డు నాలుగు కిలోమీటర్ల కింద. వెదురు బొంగుకు దుప్పటి కట్టి డోలీ చేశారు. దిగుడులో పొడుగాటి మనిషి ముందు ఉంటాడు, అప్పుడు బొంగు వాలకుండా ఆమె సమంగా కూర్చుంటుంది. ఎక్కుడు వస్తే నడక ఆపకుండానే ముందువాడూ వెనకవాడూ తావులు మార్చుకుంటారు. నేనూ ఒక భుజం పట్టాను. రెండు వందల అడుగులు వేశానేమో, వెనక నడుస్తున్న ఆమె మరిది “బాబూ, గొడుగు పట్టండి” అన్నాడు. బొంగు నా భుజం నుంచి తీసుకోవడానికి అంతకన్నా మర్యాదైన మాట దొరకదు. మిగతా దారంతా గొడుగు పట్టాను.

రెండు సీసాల రక్తం ఎక్కించారు. నెల తిరిగేసరికి నా పోస్టింగు అయిపోయి, కొండ దిగి సముద్రం పక్కకు వచ్చేశాను. ఆ తరువాత ఒక ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డులో ఉండగా ఫోన్ మోగింది. వాళ్ల గూడెం పైన ఒకే ఒక్క బండరాయి మీద సిగ్నల్ అందుతుంది. అక్క అది ఎక్కి చేసింది. ఆడపిల్ల, రెండు కేజీల మూడొందల గ్రాములు, కాన్పు కోసం గర్భిణుల వసతి గృహానికి ముందే వెళ్లారట, అత్త కూడా వెంట వెళ్లిందట. తల్లి హిమోగ్లోబిన్ ఇప్పుడెంతని అడిగేలోపే లైను తెగిపోయింది.